దారం చుట్టిన పిస్టన్

నిన్న మా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో విద్యార్థులు చిన్న ఆవిరి ఇంజను మోడల్ నడుపుతుంటే, వేడెక్కిన ఇత్తడి మీద చిక్కటి నూనె కమురు వాసన గుప్పుమంది. వెంటనే వెంకటరత్నం గారు గుర్తొచ్చారు. రాజమండ్రిలో నేను ఇన్‌స్ట్రక్టరుగా చేరిన కొత్తలో ఆయన మా ఫోర్‌మన్. అంతకుముందు గోదావరి లాంచీల ఇంజన్లు బాగుచేసేవారు. బొటనవేలంత పిస్టన్‌ని కూడా అరచేతిలో పెట్టుకుని పిచ్చుకపిల్లను చూసినట్టు చూసేవారు.

ఆ ఏడు కాలేజీ ప్రదర్శన కోసం అలాంటి ఇంజనొకటి నేనే తయారుచేశాను. పిస్టన్ పక్కనుంచి ఆవిరి తప్పించుకోకూడదని, దాని గాడిలో నూలుదారం బిగించి చుట్టాను. ప్రిన్సిపాల్ గారు, ఊళ్లో పెద్దలు చుట్టూ చేరాక వాల్వు తిప్పాను. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "నూనె వేయమని మేరీకి చెప్పానండి, సరిగా వేసినట్టు లేదు" అనేశాను. మేరీ మొదటి సంవత్సరం విద్యార్థిని. "వేశానండి" అని మెల్లగా అంది. ఎవరూ వినిపించుకోలేదు.

అందరూ వెళ్లాక వెంకటరత్నం గారు సిలిండరు విప్పి పిస్టన్ నా చేతిలో పెట్టారు. పైన నూనె మెరుస్తోంది. దారం విప్పితే, లోపలి చుట్లకు చుక్కయినా అంటలేదు.

"ఆ పిల్ల నూనె వేసిందమ్మా. అది లోపలికెళ్లే సందే నువ్వు ఉంచలేదు."

నేను తలెత్తలేకపోయాను. "ప్రిన్సిపాల్ గారికి చెప్తారాండి?"

"నేనెందుకు చెప్తాను? నాకేం జరిగింది? జరిగింది ఆ పిల్లకి కదా" అంటూ దారపుండ నా ముందు పెట్టారు.

ఈసారి దారాన్ని ముందే నూనెలో నానబెట్టించి, వదులుగా చుట్టించారు. ఆవిరిని ఆపేది ఒక్క దారమే కాదట, అది పట్టి ఉంచే నూనె పొర కూడానట. "వేలితో నెట్టి చూడు. మెత్తగా వెళ్లాలి. వదిలేస్తే మాత్రం దానంతటది జారిపోకూడదు." కుదిరేదాకా మూడుసార్లు విప్పించారు.

మర్నాడు వర్క్‌షాపు క్లాసులో మేరీని ముందుకు పిలిచి, తప్పు నాదేనని, ఆమె మీద అబద్ధం చెప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాను. తర్వాత ప్రిన్సిపాల్ గారికీ చెప్పాను. ఆయన నాలుగు మాటలన్నారు, పడ్డాను. అంతకుముందు క్లాసులో నా మాట పూర్తవగానే మేరీ ఇంజను దగ్గరకెళ్లి వాల్వు తానే తిప్పింది. చక్రం టకటకమంటూ పరుగందుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న వెంకటరత్నం గారు చిన్నగా దగ్గి, తన పనికి వెళ్లిపోయారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఫోర్‌మన్ గదిలో నేను కూర్చుంటున్నాను. లేతు ఆగిందనో, డ్రిల్లు విరిగిందనో ఎవరైనా పరుగెత్తుకొస్తే, "ఎవరు చేశారు?" అన్న మాట ఇప్పటికీ నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, "పదండి, ముందు విప్పి చూద్దాం" అంటాను.