రాజరాజేశ్వరి గారి వేళ్ళు, హాల్లో పెద్ద టీవీ

రాజరాజేశ్వరి గారికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అవి ఆవిడ వేళ్ళే. కాకినాడ ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా ఉన్నన్నాళ్ళూ, పై అధికారి చెప్పడం ముగించేసరికి ఇక్కడ ఉత్తరం తయారుగా ఉండేది. కంప్యూటర్లు వచ్చాయని ఆఫీసంతా బెంబేలెత్తిపోతే, "మీటలు మీటలే కదండీ, దానికింత హడావిడి ఎందుకు?" అని ఈవిడ నింపాదిగా కూర్చుని కొట్టేశారు.

రిటైరయ్యాక హఫీజ్‌పేటలో కూతురు సంయుక్త దగ్గరికి వచ్చేశారు. కూతురికీ అల్లుడు జశ్వంత్‌కీ ఇద్దరికీ గచ్చిబౌలిలోనే ఉద్యోగాలు. అల్లుడికి తాగుడు లేదు, పేకాట లేదు, కంప్యూటర్లో కారు పందేల పిచ్చి మాత్రం బోలెడుంది. ఒక ఆదివారం ఆవిడ కాఫీ అందిస్తూ వెనక నిలబడి, "ఆ మలుపులో కాస్త ముందే తిప్పితే బాగుండేదేమోనండీ" అన్నారు. అతను నవ్వి, తన పాత కంప్యూటరు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. నవ్వులాటకి మొదలైంది కాస్తా, నెల తిరిగేసరికి అల్లుడికి చెమటలు పట్టించే దాకా వచ్చింది. అత్తా అల్లుళ్ళు వరసగా కూర్చుని కార్లు తోలుకోవడం మీరెక్కడైనా చూశారా? ఆ ఇంట్లో ప్రతి శనివారం అదే తంతు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ జశ్వంత్‌కి మర్యాద ఎక్కువ. తను కొత్త మానిటర్ ముందు, అత్తగారేమో పాత డొక్కు తెర ముందు కూర్చోవడం అతనికి నచ్చలేదు. హాల్లోకి కొత్తగా కొన్న పెద్ద టీవీకి ఆవిడ కంప్యూటరు తగిలించి, సోఫాలో దిండు కూడా వేశాడు.

"అత్తయ్యగారూ, ఇది మామూలు తెర కాదండి. కంప్యూటరు బొమ్మలు ఒకసారి గబగబా గీస్తుంది, ఒకసారి నెమ్మదిగా గీస్తుంది. మామూలు తెర దాని కోసం ఆగదు, తన పాటికి తను చూపించేస్తుంది. అందుకే బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది. ఇదైతే బొమ్మ వచ్చేదాకా ఆగి, రాగానే చూపిస్తుంది. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ అంటారండి."

"ఆగుతుందా? మరి ఆలస్యం కాదుటండీ?"

"కాదండీ, ఇంకా తగ్గుతుంది."

ఆగితే ఆలస్యం తగ్గడమేమిటో ఆవిడకి బోధపడలేదు. అయినా అల్లుడు అంత ఇదిగా చెబుతుంటే అడ్డు తగలడం బాగుండదని తల ఊపేశారు.

ఆట బాగానే సాగింది గానీ, కారు సొరంగంలోకి దూరినప్పుడల్లా తెర మినుకు మినుకుమనేది. కళ్ళు లాగేసేవి. ఆ ముక్క అల్లుడితో అనొచ్చుగా? అనరు. అల్లుడుగారు ముచ్చటపడి అమర్చినదానికి వంక పెట్టడమా! వంటింట్లోకి వెళ్ళి కూతురి చెవిన వేశారు. సంయుక్త రిమోట్ తీసుకుని బొమ్మని గేమ్ మోడ్ నుంచి సినిమా మోడ్‌లోకి మార్చింది. మినుకుమనడం పోయింది. రంగులు కూడా పట్టుచీరల్లా నిగనిగలాడాయి. "హాయిగా ఉందే తల్లీ" అన్నారు ఆవిడ. కూతురు ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది. జశ్వంత్‌కి ఎవరూ చెప్పలేదు.

ఆ మరుసటి వారం నుంచే ఆవిడ ఓడిపోవడం మొదలైంది. మామూలుగా కాదు, చిత్తుగా. మలుపు దగ్గర మీట నొక్కుతారు, కారు తీరిగ్గా ఆలోచించుకుని తిరుగుతుంది, ఈలోగా గోడకి గుద్దుకుంటుంది. ముందుగా నొక్కి చూశారు. మరీ ముందైపోయి ఇటువైపు గోడ తగిలింది. అల్లుడు కంప్యూటర్లో ఏవేవో సెట్టింగులు పది ఒక్కసారే మార్చాడు. అయినా ఆ ఆలస్యం తగ్గలేదు.

రాజరాజేశ్వరి గారికి గుండెల్లో రాయి పడింది. అక్క అమ్మణ్ణికి చేతుల వణుకు మొదలైంది కూడా ఇలా ఏదో చిన్నదానితోనే. కాఫీ గ్లాసు జారిందని అందరూ నవ్వారు. ఇప్పుడు అక్కకి అన్నం ఇంకొకరు కలిపి పెట్టాలి. రేపు నాకూ అంతేనా?

ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు సంయుక్త లాప్‌టాప్ తీసి టైపు చేసి చూసుకున్నారు. ఒక్క తప్పు లేదు, వేగమూ తగ్గలేదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీశారు, సూదిలో దారం ఎక్కించారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మళ్ళీ ఆ సోఫాలో కూర్చుంటే ఆలస్యం. వేళ్ళు చెప్పింది కారు వినడం లేదా, బుర్ర చెప్పింది వేళ్ళు వినడం లేదా? ఎంత ఆలోచించినా తెగలేదు. తెలియకుండానే బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవారు.

పనిమనిషి చంద్రమ్మ అది చూసి, "ఏందమ్మా, వేళ్ళు గట్ల ఆడిస్తున్నరు? నొస్తున్నయా? జర దవాఖానల చూపించుకోరాదు" అంది.

"ఏం లేదు చంద్రమ్మా, ఊరికే" అన్నారు గానీ, వేళ్ళని కొంగు చాటుకి లాక్కున్నారు.

ఆ శనివారం ఆవిడ గెలిచారు! గెలిచి, నీరుగారిపోయారు. ఎందుకంటే గెలుపు గీత ఇంకాస్త దూరంలో ఉండగా అల్లుడి కారు బ్రేకు వేయడం ఆవిడ కళ్ళారా చూశారు. ఆ తిన్నటి దారిలో ఎవడైనా బ్రేకు వేస్తాడా? అంటే, నా పని అయిపోయిందని ఈయనకి కూడా తెలిసిపోయిందన్న మాట. జాలిపడుతున్నాడు.

"ఇంక ఆడనండీ. కళ్ళు లాగుతున్నాయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సంయుక్త వెనకాలే వెళ్ళి నిలదీసింది. "కళ్ళు కాదు, ఏంటో చెప్పు."

చెప్పక తప్పలేదు. అక్క సంగతి, చేతుల సంగతి అంతా చెప్పారు. సంయుక్త కాసేపు తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమెది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎక్కడ తేడా వచ్చిందో తెలియాలంటే ఒక్కటంటే ఒక్కటే మార్చి చూడాలని రోజూ ఆఫీసులో కుర్రాళ్ళ మీద కేకలేస్తుంటుంది. తల్లిని హాల్లోకి లాక్కొచ్చింది.

"ఇద్దరూ ఇటు రండి. సీట్లు మారండి. ఇంకేం ముట్టుకోవద్దు" అంది.

"మీ అమ్మగారు ఆ చిన్న తెర ముందా? బాగోదు" అన్నాడు జశ్వంత్.

"మీ మర్యాద మండిపోనూ, కూర్చోండి!"

కూర్చున్నారు. పందెం మొదలైంది. మొదటి మలుపులోనే జశ్వంత్ కారు గోడకి గుద్దుకుంది. రెండో మలుపులో మళ్ళీ. "ఇదేంటిది! ఇప్పుడు నొక్కితే రేపు తిరిగేలా ఉంది!" అని అరిచాడు. అటు రాజరాజేశ్వరి గారి కారు ఎక్కడా తగలకుండా వంకరదారంతా తిరిగి వచ్చేసింది. ఆవిడ తెరని నమ్మలేదు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నారు.

సంయుక్త నాలిక్కరుచుకుంది. "అయ్యో, సినిమా మోడ్! నేనే మార్చాను. బొమ్మకి మెరుగులు దిద్దాకే ఇది చూపిస్తుందేమో, అందుకే ఆలస్యం."

"మినుకుమంటోందని నాతో ఒక్క మాట అనచ్చు కదండీ అత్తయ్యగారూ!"

"మీరు ఇష్టపడి పెట్టారు, ఎలా అంటానండీ? మరి మీరో? బ్రేకు వేసి గెలిపిస్తారా నన్ను?"

జశ్వంత్ మొహం ఎర్రబడింది. "పెద్దవారు కదా అని…"

"నేను పెద్దదాన్నే. చేతకానిదాన్ని కాదు."

అతను సోఫాలోంచి లేచాడు. రిమోట్ తీసుకుని టీవీని మళ్ళీ గేమ్ మోడ్‌లో పెట్టాడు. మినుకుమనే సంగతి తరవాత చూద్దామన్నాడు. ఆవిడ సోఫాలో కూర్చున్నారు, అతను తన కుర్చీలో. మీట నొక్కగానే కారు కదిలింది. ఆవిడ పెదవి బిగించారు. సగం దారి ఆవిడే ముందు. సొరంగం దాటినా ఆవిడే. చివరి మలుపులో జశ్వంత్ కారు కనికరం లేకుండా ఆవిడ కారుని పక్కకి నెట్టి, బురద చిమ్ముతూ దూసుకుపోయింది.

"కొట్టేశానత్తయ్యా!" అని కుర్చీలోంచి ఎగిరాడు. 'గారు' ఎక్కడో జారిపోయింది. సంయుక్త నోరు వెళ్ళబెట్టింది.

రాజరాజేశ్వరి గారు అతని వంకే చూశారు. "నిజంగానే గెలిచారా?"

"నిజంగానే అత్తయ్యా. చచ్చేంత కష్టపడ్డాను."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

"హమ్మయ్య" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.