పేలాల అల్లిక, వెయ్యకూడని ముడి

మా చిన్నప్పుడు, మైసూరు మహారాజు కాలంలో... నాగలమడిక దగ్గర మా ఊళ్లో కొక్కెం సూదితో అల్లడం వచ్చింది మా చిన్నత్త ఒక్కదానికే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇప్పుడు తొంభై. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో రాస్తోంది.

అక్క కాన్పుకి ఇంటికొచ్చింది. పుట్టబోయే బిడ్డకి కుల్లాయి అల్లుతూ, దాని మీదే అత్త నాకు పేలాల అల్లిక నేర్పింది. ఒకే కన్నంలో ఐదు పోగులు అల్లాలి. సూది తీసి మొదటి పోగులో గుచ్చి, దారం లాగాలి. ఐదూ దగ్గరికొచ్చి జొన్నపేలంలా ఉబుకుతాయి. వారం రోజులు నావి పేలాలు కాలేదు, ముడతలే అయ్యాయి... అత్త విసుక్కోకుండా విప్పి మళ్లీ అల్లించేది.

కట్టడి ఒక్కటే.

"కడా వరస దాకా అల్లుకో గానీ, ముడి మాత్రం వెయ్యొద్దు పాపా. బిడ్డ ఏడ్చినాకే ముడి."

"ఏమత్తా?"

"వెయ్యొద్దంటే వెయ్యొద్దు, అంతే."

ఆ రోజు తెల్లారినప్పటి నుంచీ అక్కకి నొప్పులు. ఆడవాళ్లంతా గదిలో ఉన్నారు. నేను బయట అరుగు మీద కుల్లాయి పట్టుకుని కూర్చున్నా. ఎన్నడూ లేంది పేలాలు గుండ్రంగా వస్తున్నాయి... ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే! చివరి వరుస అయిపోయింది. చెయ్యి ఆగలేదు. ముడి వేసి, దారం పళ్లతో తెంపేశాను.

లోపల అక్క మూలుగు ఆగిపోయింది.

"నొప్పులు నిలిచిపోయినాయి. బిడ్డ కదల్లేదు," అంది మంత్రసాని. అమ్మ ఏడుపు వినిపించింది. అక్కని నేనే చంపేస్తున్నా అనుకున్నా.

ముడి కొరికేసి దారం లాగాను. పేలం దగ్గరికి రాగానే దారం పట్టేస్తోంది. గట్టిగా లాగితే వదులుతోంది... వదిలినప్పుడల్లా లోపల అక్క కేక. ఒక పేలానికి ఒక కేక. నిజమో కాదో చూద్దామని ఒకసారి ఆపాను. అక్క కేకా ఆగిపోయింది.

మళ్లీ ఆపలేదు. ఏడుస్తూనే లాగాను. ఆ వరుస పోయింది, దాని వెనకదీ పోయింది. కుల్లాయి సగమయ్యేసరికి బిడ్డ కేరుమంది.

అత్త బయటికొచ్చి, అక్కా బిడ్డా బాగున్నారని చెప్పి, నా ఒళ్లో దారం కుప్ప చూసింది. చచ్చాననుకున్నా. ఆమె పక్కనే కూలబడి నా తల నిమిరింది.

"నా బిడ్డప్పుడు నేనూ ముడేసినాను పాపా... ఇప్పాలని నాకు తెలీలేదు."

అత్తకి ఒక బిడ్డ పుట్టకుండానే పోయిందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నెలలు నిండకముందే బిడ్డ బట్టలన్నీ అంగడి నుంచి వచ్చేస్తున్నాయి. ఆసుపత్రులున్నాయి, డాక్టర్లున్నారు... మంచిదే. ఈ మాటెత్తితే పిల్లలు నవ్వుతారు, అందుకే ఎత్తను. కానీ మా ఇంట్లో ఎవరికి కాన్పు వచ్చినా, ఫోన్లో బిడ్డ ఏడుపు వినిపించేదాకా నాకు ముద్ద దిగదు.

మీ పెద్దవాళ్లు కూడా కారణం చెప్పకుండా "వద్దు" అన్నవి ఉన్నాయా... ఉంటే చెప్పండి. ఇంకా భయపడేది నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.