మూడో మెట్టు

మా ఇల్లు ఏటిగట్టుకు గోదావరి వైపున ఉంటుంది. వరదొస్తే గట్టు ఊరిని కాపాడుతుంది గానీ మమ్మల్ని కాదు. అందుకే మా మామగారి తండ్రి ఏడు మెట్లంత ఎత్తున ఇల్లు కట్టించారు. నీళ్ళు మూడో మెట్టు ఎక్కితే గొడ్లను విప్పి గట్టుకు తోలేయాలన్నది ఆయన పెట్టిన లెక్క. అప్పటికి బాటలో నడుం లోతు ఉంటుంది, మనిషీ గొడ్డూ నడిచి పోవచ్చు. నేను కాపురానికి వచ్చాక ఎన్ని వరదలొచ్చినా ఆ లెక్క తప్పలేదు.

ఈ వరద వచ్చేసరికి మా గేదెకు నెలలు నిండాయి. నేడో రేపో ఈనాలి. అత్తగారు పోయినప్పటినుంచి మామగారికి కాలక్షేపం ఆ గేదే. దాని వీపు నిమురుతూ ఇంటి వెనక పాకలో గంటలు గంటలు కూర్చునేవారు. తన అన్నంలోంచి ఒక ముద్ద దానికి తీసిపెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు పొద్దున్నే రెండో ప్రమాద హెచ్చరిక అని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. గేదె కోసం గట్టు మీద కాస్త నీడ వేస్తానని మా ఆయన టార్పాలిన్ పట్టుకుని వెళ్ళారు. జల్లు కొడుతోందని నేను వెనక తలుపు వేసేశాను. మోకాళ్ళ నొప్పులతో మామగారు మంచం దిగలేదు. అక్కడినుంచే కేకేసి అడుగుతున్నారు.

"ఎన్నో మెట్టమ్మా?"

"మొదటిదేనండీ."

మధ్యాహ్నానికి మళ్ళీ అడిగారు.

"రెండోది మునుగుతోంది మామయ్యగారూ. తోలేద్దామా?"

"ఈనే గొడ్డమ్మా. చలికి తట్టుకోలేదు. మూడోది ఎక్కనీ."

సరేలే అని గడ్డి వేయడానికి వెనక తలుపు తీశాను. పాకలో నీళ్ళు గేదె పొట్ట దాటేశాయి. తాడు బిగదీసుకుని, మోర పైకెత్తి నిలబడి ఉంది. ముందు వైపు రెండో మెట్టే కదా, వెనక ఇన్ని నీళ్ళు ఎలా వచ్చాయి అని ఒక్క క్షణం అర్థం కాలేదు.

ఆ వెంటనే వెలిగింది. కిందటి వేసవిలో, వాకిట్లో ఈ బురద తొక్కడం నా వల్ల కాదని ఇల్లు ఎగిరిపోయేలా పోట్లాడి ట్రాక్టర్లతో మట్టి తోలించాను. కింది మూడు మెట్లు ఆ మట్టి కిందికి పోయాయి. నేను రెండో మెట్టు అంటున్నది ఐదోది!

"మామయ్యగారూ, ఐదో మెట్టండీ!" అని అరిచాను.

మోకాళ్ళ సంగతే మర్చిపోయి ఆయన నీళ్ళలోకి దిగి తాడు విప్పారు. బాటలో లోతు నా చంకలదాకా ఉంది, పైగా లాగేస్తోంది. నా కేకలకు పక్కింటి చేపలాయన పడవ వేసుకొచ్చాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నారండీ బాబూ! ఎక్కండి, ఎక్కండి!"

మేం పడవలో, గేదె వెనక ఈదుతూ. మామగారు అంచు మీదికి వంగి రెండు చేతులతో దాని మోర ఎత్తి పట్టుకున్నారు. గట్టు చేరేదాకా "వచ్చేశాం తల్లీ, వచ్చేశాం" అంటూనే ఉన్నారు.

సాయంత్రం టార్పాలిన్ కింద ఈనింది. దూడ చచ్చి పుట్టింది. పెయ్యదూడ. గేదె దాన్ని నాకుతూనే ఉంది, ఎంతకీ లేవదు కదా.

గట్టు మీద ఉన్నవాళ్ళంతా వచ్చి చూసి, ఇన్ని వరదలు చూసిన మనిషి ముందే ఎందుకు తోలుకురాలేదని మామగారిని అడిగారు. "లెక్క తప్పానండీ, ముసలాణ్ణి అయిపోయాను" అని అందరికీ అదే చెప్పారు. ఊళ్ళో నాకు నోరున్న మనిషినని పేరు. ఆ పక్కనే నిలబడి ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగో రోజుకు నీళ్ళు తగ్గితే ఇంటికొచ్చాం. గదుల నిండా ఒండ్రు. అది వదిలేసి పార తీసుకుని మెట్ల ముందు తవ్వడం మొదలుపెట్టాను. రెండు మెట్లు బయటపడేసరికి మామగారు వచ్చారు.

"ఇల్లు కడుక్కోకుండా ఇదేం పనమ్మా?"

"మట్టి తోలించింది నేను. మెట్లు తప్పు చెప్పిందీ నేనే. అందరి ముందూ మీ మీద ఎందుకు వేసుకున్నారండీ?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన మెల్లగా, నేను తవ్వే చోటికి పై మెట్టు మీద కూర్చున్నారు. పాకలోంచి గేదె అరుస్తోంది. గట్టు దిగినప్పటినుంచీ దూడ కోసం అలా అరుస్తూనే ఉంది.

"తోలించిన రోజు నేనూ ఈ అరుగు మీదే ఉన్నానమ్మా. వాకిలి బాగుందన్నాను."

పారకు అడ్డం లేకుండా కాళ్ళు పక్కకు తీసుకున్నారు.

"కింద ఇంకోటుంది. తవ్వు."