జాబితాలో లేని నంబరు

అమలాపురంలో గల్ఫుకు మనుషుల్ని పంపే ఒక ఆఫీసు వెబ్‌సైటును నేనే చూసుకునేదాన్ని. పిలుపొచ్చినవాళ్ల జాబితా డేటాబేస్‌లో ఉండేది; పాస్‌పోర్టు నంబరు కొడితే అందులో ఉందో లేదో వెబ్‌సైటు చెప్పేది. కొత్తగా లినక్స్ నేర్చుకున్న పొగరు ఒంటి నిండా ఉండేది. డేటాబేస్ అందకపోతే తెర మీద ఏదో ఎర్రర్ వచ్చేది. అది ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి? అందుకని కనెక్షన్ తెగినా సరే, "ఈ నంబరు జాబితాలో లేదు" అని మాత్రమే కనబడేలా రాసిపెట్టాను. ఎంత తెలివో చూడండి!

ఓ రోజు పొద్దున్నే సఖినేటిపల్లి నుంచి, రేవులో పడవ నడిపే ఒకాయన వచ్చారు. మర్నాడు హైదరాబాదులో మెడికల్ పరీక్ష. పిలుపొచ్చి కూడా వెళ్లకపోతే ఆ చోటు తర్వాతివాళ్లకి ఇచ్చేస్తారు. ఆయన పాస్‌పోర్టు నంబరు కంఠతా చెప్పారు. కాగితం మీద రాసుకుని కొట్టి చూసి, "లేదండీ" అన్నాను.

"ఇంకోపాలి చూడండి మేడంగారూ."

"ఎన్నిసార్లు చూసినా అంతే" అన్నాను విసుగ్గా.

"ఆయ్" అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం దాకా వచ్చిన ఏ ఒక్కరి నంబరూ లేదంటుంటే అనుమానమొచ్చింది. సర్వరులో ఏం జరిగిందో రాసి ఉంచే లాగ్ తెరిచాను. డిస్కు నిండిపోయి, డేటాబేస్ తెల్లవారుజామునే ఆగిపోయింది. పాత లాగులు తీసేసి మళ్లీ నడిపించడానికి పది నిమిషాలు పట్టింది. కాగితం తీసి ఆయన నంబరు కొట్టాను. ఉంది.

ఆయన ఫారంలో రేవు దగ్గర కొట్టు ఫోన్ నంబరు ఉంది. అప్పుడే చేస్తే సాయంత్రం బస్సు అందుకునేవారే. కానీ పక్కగదిలో ఓనరుగారు వింటారు. ఓనరుగారు ఇంటికెళ్లాక చేద్దామనుకున్నాను. ఆయన వెళ్లేసరికి బస్సూ వెళ్లిపోయింది. ఇక ఫోనే చెయ్యలేదు, సిగ్గులేనిదాన్ని.

మూడో రోజు ఆ పడవాయన వచ్చారు. జాబితాలో ఆయన పేరుందని ఊళ్లోవాళ్లెవరో చెప్పారట. అప్పటికే ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోయింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు ఓనరుగారు నా వైపు తిరిగి.

నేను నోరు తెరిచేలోగా పడవాయనే అందుకున్నారు. "మేడంగారినేం అనకండి. నేనే నంబరు తప్పు చెప్పేనేమోనండి. చదువు లేనోణ్ణి."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది? తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. "ఔను, ఒక అంకె తేడాగా చెప్పుంటారు" అన్నాను.

"ఆయ్, అంతేనండి" అని, నాకు శ్రమ ఇచ్చినందుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.