మెంటల్ సారు పక్క సీటు

శ్రీకాకుళం ఊరి బయట ఉన్న యూనివర్సిటీలో పిల్లలు ప్రకాష్‌కి పెట్టిన పేరు మెంటల్ సారు. మొదటి సంవత్సరం వాళ్ళందరికీ తప్పనిసరి చేసిన మానసిక ఆరోగ్యం పేపరు ఆయనే చెప్పేవాడు. దిగులు ఎప్పుడు జబ్బవుతుంది, నిద్రా ఆకలీ వారాల తరబడి తప్పితే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, పక్కవాడు 'బతకాలని లేదు' అంటే నవ్వి వదిలేయకుండా ఏమని అడగాలి. ఇవీ పాఠాలు. పిల్లలు మార్కులు బాగానే తెచ్చుకునేవారు. క్లాసు దాటాక మాత్రం ఎవరూ పలకరించేవారు కాదు. ఆయనతో మాట్లాడుతూ కనిపిస్తే వీడికీ ఏదో ఉందనుకుంటారని భయం.

స్టాఫ్ రూములోనూ అంతే. "ఆయన ముందు జాగ్రత్తండోయ్, మొహం చూసి మనసు చదివేస్తాడు" అని సరదాగానే అనేవారు. కానీ ఆయన వచ్చి కూర్చుంటే ఇళ్ళ సంగతులు ఆగిపోయి మాట కరెంటు కోతల మీదికి మళ్ళేది. మెల్లగా ఆయన టిఫిన్ బాక్సు తన గదిలోనే విప్పుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ గది తలుపు మీద కౌన్సెలింగ్ అని బోర్డు ఉండేది. తలుపు తట్టేవాళ్ళంతా హాజరు తక్కువైందని బతిమాలడానికి వచ్చినవాళ్ళే.

ఆయనది గజపతినగరం దగ్గర పల్లె. అమ్మా నాన్నా పోయారు. అక్క పద్మజ విజయనగరంలో బడి టీచరు. చర్చి పెద్దల ద్వారా ఒక సంబంధం వచ్చింది కానీ, "పిచ్చోళ్ళకి పాఠాలు సెప్పే ఉద్యోగమేటి?" అని పిల్ల మేనమామ వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత ప్రకాష్ ఆ ప్రస్తావన రానివ్వలేదు.

ఒక సాయంత్రం ఊళ్ళోకి వెళ్ళే బస్సు కిటకిటలాడుతోంది. ఇంకెక్కడా చోటు లేక పృథ్వీరాజ్ అనే కుర్రాడు ఆయన పక్కన కూర్చున్నాడు. రామతీర్థం వైపు రైతుల పిల్లవాడు, శ్రీకాకుళంలో గది తీసుకుని చదువుకుంటున్నాడు. చాలాసేపు కిటికీలోంచి చూసి, తల తిప్పకుండానే అడిగాడు.

"సార్, మా ఫ్రెండొకడున్నాడు. వాడికి నిద్దర పట్టదు. తిండి సయించదు. అది మీరు క్లాసులో సెప్పినదేనా?"

"అయ్యుండొచ్చు. ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా కాడ్నించి."

"ఇంట్లో చెప్పాడా?"

"సెప్తే గాలి సోకిందని తాయెత్తు కడతారు సార్."

ప్రకాష్ ఆ ఫ్రెండెవరని అడగలేదు. తర్వాత కూడా ఆ కుర్రాడు బస్సులో ఆయన పక్క సీటే చూసుకునేవాడు. ఫ్రెండు సంగతులు ఒక్కొక్కటే చెప్పేవాడు. యూనివర్సిటీలో ఎదురైతే మాత్రం తల దించుకుని పోయేవాడు. ఒకరోజు నాగావళి వంతెన మీద బండ్లు ఆగిపోయాయి. బస్సు కదలడం లేదు.

"ఫ్రెండు కాదు సార్," అన్నాడు. "నేనే."

"సెప్పి మంచి పని సేసావు నాయినా," అన్నాడు ప్రకాష్, సొంత ఊరి మాటలోకి వచ్చేసి. గొంతు తగ్గించి, క్లాసులో తను నేర్పినట్టే సూటిగా అడిగాడు. "సచ్చిపోవాలని అనిపిస్తందా?"

కుర్రాడి కళ్ళు నిండాయి. "అనిపిస్తంది సార్. ఎవులూ అడగలేదు. మీరు అడిగారు కాబట్టి సెప్తన్నాను."

ఆ సాయంత్రం ప్రకాష్ వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. బస్సు దిగి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. మానసిక వైద్యుల గది బయట బెంచీ మీద పక్కనే కూర్చున్నాడు. ఫోను చేసి తండ్రిని రప్పిస్తే, డాక్టరు ఆయనతో ఓపిగ్గా మాట్లాడాడు. మందులు మొదలయ్యాయి. వెళ్ళేముందు కుర్రాడు ఒకటే కోరాడు. "నాతోటి వొచ్చినట్టు ఎవులికీ సెప్పకండి సార్."

ఎండలు ముదిరేసరికి పృథ్వీరాజ్ కోలుకున్నాడు. మొహంలో కళ వచ్చింది, స్నేహితులు చేరారు. ఒకరోజు ప్రకాష్ టీ కోసం క్యాంటీన్‌కి వెళ్ళాడు. వాళ్ళ గుంపులో ఒకడు, "ఒరే, మెంటల్ సారొస్తన్నాడు, మీలో ఎవుల కోసమో!" అన్నాడు. అందరూ నవ్వారు. పృథ్వీరాజ్ కూడా నవ్వాడు. ప్రకాష్‌ని చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

ఆ ఆదివారం వాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"సార్, ఏటీ అనుకోకండి. మా సెల్లికి సంబంధం సూస్తన్నారు. నేను మందులు మింగినట్టు తెలిస్తే..."

"నాకు తెలుసు. నువ్వు బాగున్నావు, అది చాలు," అన్నాడు ప్రకాష్. అబద్ధం చెప్పలేదు. నిజంగానే సంతోషపడ్డాడు. ఫోను పెట్టేశాక ఆ సంతోషం చెప్పుకోవడానికి ఒక మనిషి కోసం వెతికితే ఎవరూ తట్టలేదు. ఎవరైనా ఉన్నా చెప్పకూడదు. అది ఆ పిల్లవాడి సొంత సంగతి. ఆ రోజు ఆయన వంట చేసుకోలేదు.

సెలవుల్లో మరీ కష్టమైంది. పొద్దున్నే మెలకువ వచ్చేసేది, లేవాలనిపించేది కాదు. నచ్చిన చేపల పులుసు కూడా నోటికి పోయేది కాదు. కొత్త ఏడాది మొదటి క్లాసులో బోర్డు మీద లక్షణాలు రాస్తూ రాస్తూ సగంలో చెయ్యి ఆగింది. అవి పిల్లల కోసం రాస్తున్నట్టు లేదు. మిగతావి రాసి, పాఠం ముగించి, మధ్యాహ్నం సెలవు పెట్టాడు.

పెద్దాసుపత్రిలో ఆ డాక్టరే ఆయన్ని చూసి నవ్వుతూ లేచాడు. "రండి మాస్టారూ. ఎవర్ని తీసుకొచ్చారు?"

"ఎవర్నీ తేలేదండి," అన్నాడు ప్రకాష్. కుర్చీలో కూర్చుని, పొద్దున బోర్డు మీద రాసినవే తన సంగతులుగా ఒక్కొక్కటే చెప్పాడు. డాక్టరు తొందరపెట్టలేదు.

ఇంటికొచ్చి అక్కకి ఫోను చేశాడు. మానసిక డాక్టరు దగ్గరికి వెళ్ళానని చెప్పగానే పద్మజ, "నీకేటిరా? నువ్వే కదా అందరికీ సెప్పేవోడివి!" అంది. ఆ మాట తగిలింది. అయినా ఫోను పెట్టేయలేదు. సెప్పేవోడికీ వస్తాదక్కా అని, పాఠంలా కాకుండా, తనకెలా ఉందో మొదట్నించీ చెప్పాడు. ఈసారి ఆమె అడ్డు రాకుండా వింది. తర్వాత, "ఆదివారం చర్చి అయ్యాక వొస్తాను. ఎక్కడికీ పోకు," అంది.

వచ్చింది. బియ్యం కడిగింది, కిటికీలు తీసింది, గడపలో పడి ఉన్న వార్తాపత్రికలు ఏరింది. అన్నం తిన్నాక ప్రకాష్ చాప మీద అటు తిరిగి పడుకుంటే, ఆమె పక్కన కూర్చుని ఆ పాత పేపర్లు ఒక్కొక్కటే మడత పెట్టింది.