తలనూనె పూసిన తూటాలు

"...అయినా తలకు పూసుకునే నూనె తూటాలకు పూసే మొగోన్ని నేను యాడా చూడలే! నిండు సీసా సగానికొచ్చింది. అంగళ్లన్నీ మూసినారు. ఇంగ నేనేం పూసుకోవల్ల, నీ కారు గ్రీజా?"

"గ్రీజు పనికిరాదు మే. జిగట ఎక్కువ," అన్నాడు ఖాసిం వలి, ఆమె నిజంగానే సలహా అడిగినట్టు.

జుబేదా బీ నుదురు కొట్టుకుంది. ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్, వీళ్లు బాబా అని పిలిచే యజమాని, కుటుంబంతో వేసవికి లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయాడు. జాబ్రియాలోని ఆ పెద్ద ఇంట్లో మిగిలింది ఈ రాయచోటి మొగుడూ పెళ్లాలే. ఆమె వంటమనిషి, అతను డ్రైవరు. సైనికులు ఆయుధాల కోసం ఇల్లిల్లూ సోదా చేస్తున్నారు. వెనక వీధిలో ఒకాయన అటక మీద వేట తుపాకీ దొరికిందని జీపెక్కించుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. ఇక్కడ ఈ మహానుభావుడు గ్యారేజీలో బక్కెట్టు నిండా తూటా గొట్టాలు ముందేసుకుని కూర్చున్నాడు.

ఆ గొట్టాల పని చూసినవాళ్లకు తప్ప అర్థం కాదు. కఫీల్ తాతగారి నాటి వేట తుపాకీ ఒకటుంది. దాని కొలతకు తూటాలు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. అందుకని అంతకంటే పొడుగైన మరో రకం తూటాల ఉత్త ఇత్తడి గొట్టాలు తెప్పించి, ఒక్కోదానికీ పల్చగా నూనె పూసి, బల్లకు బిగించిన చేతి ప్రెస్సుతో ఉక్కు అచ్చులోకి తోయాలి. గొట్టం భుజం కిందికి దిగి, మెడ సన్నబడి, పాత కొలతకు వస్తుంది. మిగిలిన మూతి కోసేసి ఆకురాయి పట్టాలి. కఫీల్‌కు వేట మీద ఉన్నంత మోజు ఆకురాయి మీద లేదు. పని మెల్లగా డ్రైవరు చేతికొచ్చింది. ఊళ్లో సైకిల్ షాపు నడిపినవాడు కాబట్టి ఖాసిం వలికి అది పనిలా కాక పండగలా తోచింది. తుపాకీ, మందు కఫీల్ తమ్ముడితో పాటు ఎడారి దాటిపోయాయి. ఇంట్లో ఉన్నవి ఉత్త గొట్టాలే. ఆ ముక్క చెప్పేదాకా సైనికుడు ఆగుతాడా అన్నదే జుబేదా బీ దిగులు.

"ఫింటాస్‌కు పోయి సముద్రంలో పారేసిరాపో," అంది.

"బాబా అమానత్తు మే, నమ్మి అప్పజెప్పిండేది. రేపొచ్చి యాడ అని అడిగితే?"

"నిన్ను కాల్చినాక ఎవర్ని అడుగుతాడు? రిగ్గైలో మనోళ్లంతా బస్సులెక్కినారు. మన ఊరి గంగాధర గూడా పాయె. అమ్మాన్ దాకా బస్సు, ఆడ్నించి విమానం. మనమే ఈ బక్కెట్టుకు కావిలి."

"ఇల్లిడిసి నేను రాను. ఇది చూడు," అని ఒక గొట్టం ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "నూనె రోంత ఎక్కువైనా భుజానికి సొట్ట పడతాంది."

"నీ బుజానికీ పడతాదిలే సొట్ట!"

అప్పుడే గేటు దడదడలాడింది.

దాచడానికి వ్యవధి లేదు. లావుపాటి సైనికుడొకడు తుపాకీతో నేరుగా గ్యారేజీలోకే వచ్చాడు. బక్కెట్టు చూశాడు. ఖాసిం వలిని చూశాడు. తుపాకీ భుజం మీంచి చేతిలోకి దిగింది.

జుబేదా బీకి తనేం చేస్తోందో తనకే తెలియలేదు. నడుముకున్న తిత్తిలోంచి సుర్మా డబ్బీ తీసి, అందిన గొట్టంలోకి ఇంత ఒంపి, అగ్గిపుల్ల ముంచి, కంటికి రాసుకుంది. "కుహల్! కుహల్!" అంటూ సుర్మాకున్న అరబ్బీ మాట అరిచింది. పుల్ల జారి సుర్మా చెంప దాకా పోయింది. కళ్లు మండి నీళ్లు కారుతున్నా నవ్వుతూ నిలబడింది.

సైనికుడు బక్కెట్టులోంచి ఒక గొట్టం తీసుకుని మూతి వాసన చూశాడు. తుపాకిమందు వాసన కోసమని ఆమెకు తెలుసు. అతను మళ్లీ వాసన చూశాడు. ముఖం విప్పారింది.

"కొబ్బరి నూనె!" అన్నాడు. "మా నాయనమ్మ కూడా సుర్మా తూటా గొట్టంలోనే పోసుకునేది. ఇట్లాంటిదొకటి మా ఆవిడకు తీసుకుపోతా."

అంతటితో అయిపోవలసింది. కానీ అతను ఆమె చేతిలోని సుర్మా గొట్టం అందుకుని, బల్ల మీది పెన్సిలు ముక్కను దాని మూతికి బిరడాలా పెట్టి ఆడించాడు. అది గలగలలాడింది. ఖాసిం వలి ముఖం ముడుచుకుంది. జుబేదా బీ అతని కాలు తొక్కింది. లాభం లేకపోయింది.

"అది ఇంకా చేయని గొట్టం. వదులు. ఇట్లివ్వు," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో.

సైనికుడి చేతిలోంచే లాక్కున్నాడు. లోపలి సుర్మా ఒంపేసి, నూనె పూసి, ప్రెస్సులో పెట్టి మీట లాగాడు. మెడ సన్నబడింది. మూతి కోసి, ఆకురాయి పట్టి, పెన్సిలు దూర్చి తలకిందులు చేశాడు. పెన్సిలు జారలేదు. సైనికుడు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఖాసిం వలి ఛాతీ ఉబ్బింది. తుపాకీ ఇంకా అక్కడే ఉందని ఇద్దరూ మరిచిపోయినట్టున్నారు. జుబేదా బీ మాత్రం మరిచిపోలేదు.

పోతూ పోతూ సైనికుడు జేబులోంచి ఆకుపచ్చ రంగు పూసిన తన తూటా గొట్టమొకటి తీశాడు.

"ఇట్లాంటివి మా దగ్గర బస్తాలున్నాయి. రేపు పొద్దున తెస్తా. మా వాళ్లందరికీ చెయ్యాలి."

ఖాసిం వలి దాన్ని గోటితో గీకి చూశాడు. "ఇది ఇత్తడి కాదు. ఇనుము."

"అయితే?"

"అచ్చు గీరుకుపోతుంది."

సైనికుడు తుపాకీ మడమను నేలకు తాటించి, "రేపు పొద్దున," అని చెప్పి వెళ్లిపోయాడు.

గేటు మూసి వచ్చి జుబేదా బీ నేల మీద కూలబడింది. కాసేపటికి నవ్వొచ్చింది.

"బతికినాం పో! అడిగింది చేసియ్యి. మనం వాళ్ల మనుషులమైతే ఇంగ ఎవుడూ మన జోలికి రాడు. బాబా ఇల్లూ నిలుస్తాది. నా నూనె అంతా నీకే, తీసుకో."

ఖాసిం వలి వినడం లేదు. అచ్చును వెలుతురుకు పట్టి లోపలికి చూస్తున్నాడు.

"ఇనుమా?" అన్నాడు. "దీంట్లోకా?"

"ఏమయితాది? అరిగితే అరగనీ! పానం కంటే ఎక్కువనా?"

అతను అచ్చును పాత బనీనులో చుట్టాడు. చేసిన గొట్టాలు, చేయనివి వేరువేరు సంచుల్లో పోశాడు. పార తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఖర్జూరం చెట్టు మొదట్లో చాలాసేపు మట్టి తవ్విన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి, కొళాయి కింద చేతులు కడుక్కుని, ఆమె కొంగుకు తుడుచుకున్నాడు.

"పెట్టె సర్దు మే," అన్నాడు. "తెల్లారక ముందే బస్సుకు పోతాండాం."