మేడమ్ వాళ్ళింటికి వెళ్ళిన రోజు

నా పరువు పోయిన రోజున మా ఇంటి నిండా జనం ఉన్నారు. వాళ్ళందరినీ పిలిచింది నేనే. పూరీలు వండింది కూడా నేనే.

అప్పట్లో మా షారోన్‌కు ఐదేళ్ళు. బడిలో పిల్లల్ని ఎలా రుబ్బేస్తారో టీచరుగా దగ్గరుండి చూసినదాన్ని. అందుకని ఉద్యోగం మానేసి, పద్మారావు నగర్‌లోని మా చిన్న వాటాలోనే దానికి చదువు చెప్పడం మొదలుపెట్టాను. పిల్లల పెంపకం మీద స్నేహితురాళ్ళు ప్రశ్నలు మొదలుపెట్టారు. జవాబులు చెప్పడమంటే నాకెంత సరదా అంటే, ఎవరూ అడగని రోజున నేనే ఫోన్ చేసేదాన్ని.

పై వాటా కమల మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు.

"ఇంట్ల తల్లి చెప్తే పిల్ల వింటదా సునీతా? మా పిల్లలు జెర సుత వినరు."

"క్లాసులో నేను తల్లిని కాదు కమలా. మేడమ్ అని పిలవాలి. అమ్మా అంటే పలకను."

"మరి క్లాసు ఎప్పుడు అయిపోతది?"

"జీవితమంతా క్లాసే. దానికి బడి వదిలే ఇంటిగంట ఉండదు."

ఆ మాట నాకే తెగ నచ్చేసి, ఆ రోజు నుంచే అమల్లో పెట్టాను. పూరీ పెడితే వృత్తం అనాలి. బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళితే టమాటాలతో కూడికలు చెయ్యాలి. ఒకసారి జ్వరమొచ్చి ముడుచుకుని పడుకుంటే, థర్మామీటరు మీద అంకెలు చదివించాను. చదివి, "థాంక్యూ మేడమ్" అని గోడ వైపు తిరిగింది. ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు వేసుకోవాలనిపిస్తుంది.

"పిల్ల ఈ మధ్య మాట్లాడుతనే లేదు, ఏందీ?" అంది కమల.

"ఏకాగ్రత" అన్నాను.

షారోన్ పుట్టినరోజు ముసురులో వచ్చింది. పగలే ఇల్లంతా చీకటి. మా క్రైస్తవుల్లో పుట్టినరోజుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక, ఎవరికేం కావాలో అడిగి పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఆ తరువాతే భోజనాలు. మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు మా గడప తొక్కడం అదే మొదలు. షారోనే తలుపు తీసి, "కూర్చోండి, మేడమ్ వంటింట్లో ఉంది" అంది.

నేను బయటికి రాగానే ఆయన, "బాగున్నారా మేడమ్?" అన్నారు. ఎంత మర్యాదస్థులో అనుకున్నాను.

కూడిక చివర్లో ఆయన షారోన్‌ను దగ్గరికి పిలిచారు.

"నీకేం కావాలమ్మా?"

అది కాసేపు బొటనవేలితో చాప గీకింది.

"మేడమ్ ఇంక వాళ్ళింటికి పోవాలి. మా అమ్మ రావాలి."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పాస్టరుగారు దాని తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా, ఈ పసిబిడ్డను విడిచి ఎక్కడో ఉన్న ఆ తల్లి మనసు మార్చండి. క్షేమంగా ఇంటికి చేర్చండి. అంతవరకూ బిడ్డను కనిపెట్టుకుని ఉన్న ఈ మేడమ్‌గారిని దీవించండి."

ఎక్కడో ఉన్న ఆ తల్లి ఆయన ఎదురుగానే కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఇల్లంతా ఆమెన్ అంది. ఏ కూడికకూ రాని కమల సైతం అంది. అందరికంటే గట్టిగా అన్నది మా ఆయన.

భోజనాల దగ్గర కమల నా చెవిలో, "ఇంటిగంట నువ్వే కొడతవా, నన్ను కొట్టమంటవా?" అంది.

పళ్ళెం పట్టుకుని షారోన్ దగ్గరికి వెళ్ళాను. అది పూరీ వంక, నా వంక చూసి, "వృత్తం, మేడమ్" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

"పూరీయే, తల్లీ. మేడమ్ వాళ్ళింటికి వెళ్ళిపోయింది."

అది గుమ్మం వైపు అనుమానంగా చూసింది.

"రేపు మళ్ళీ వస్తదా, అమ్మా?"

మిగిలిన పూరీల సాక్షిగా ఆ పూటే ప్రమాణం చేశాను. పిల్లల పెంపకం మీద ఎవరేమడిగినా ముందు షారోన్‌ను అడిగి గానీ జవాబు చెప్పను. పాస్టరుగారు వచ్చినప్పుడు మాత్రం, తలుపు నేనే తీస్తాను.